గుర్వయ్య పేరు అతికించిన డబ్బా

మొదటి రాయి ఆండాళే విసిరింది.

అది గానుగ రోటి అంచుకు తగిలి పగిలింది. ముక్కలు ఎద్దు కాళ్ల దగ్గర పడ్డాయి. ఎద్దు బెదిరి కాడి లాగింది. ముసలి గుర్వయ్య పారిపోలేదు. రెండు చేతులతో ఎద్దు మెడను కావలించుకుని, జనానికి వీపు చూపిస్తూ నిలబడ్డాడు. ఆ వీపు చూసి ఆండాళుకు ఇంకా మండింది. వంగి రెండో రాయి ఏరుకుంది.

చిట్యాల ఊరి చివర, హైదరాబాదు రోడ్డు పక్కన ఉంది ఆ గానుగ కొట్టం. దూపకుంట నుంచి నేతపని చేసే సాలోళ్లంతా పొద్దున్నే కాలినడకన బయలుదేరి వచ్చారు. గడ్డపారలు తెచ్చినవాళ్లు తెచ్చారు, లేనివాళ్లు దారిలో కంపలు విరుచుకున్నారు. వాళ్లలో ఆడవాళ్లే ఎక్కువ. మగవాళ్లలో చాలామంది రాలేదు. రాలేరు. నడవగలిగితే కదా రావడానికి.

దసరా పోయిన కొన్నాళ్లకు మొదలైంది ఆ పీడ. ముందు పిక్కల్లో నొప్పి. ఆ తర్వాత కాలివేళ్లు కిందికి వాలిపోవడం. పాదం ఎత్తబోతే తడిగుడ్డలా వేలాడటం. రైతుకు అలాంటి జబ్బొస్తే గట్టు మీద కూర్చుని కూలివాళ్లకు పని పురమాయిస్తాడు. సాలోడికి ఆ వీలు లేదు. మగ్గం గుంటలో కూర్చుని కాళ్లతో తొక్కితేనే పడుగు దారాలు విచ్చుకుంటాయి, వాటి మధ్య పేక నూలుతో నాడె ఆడుతుంది, పూట గడుస్తుంది. దూపకుంట సాలెవాడలో ఇప్పుడు మగ్గాల చప్పుడు లేదు.

నల్లగొండ దవాఖానలో డాక్టరు అందరినీ ఒకే ప్రశ్న అడిగాడు. ఏ నూనె తింటున్నారు? అందరూ ఒకే జవాబు చెప్పారు. డబ్బా నూనె. డబ్బా మీద కాగితం ఉంది. కాగితం మీద పెద్ద అక్షరాలు ఉన్నాయి: చిట్యాల గుర్వయ్య గానుగ పల్లినూనె, స్వచ్ఛమైనది.

ఇంకేం కావాలి?

ఆండాళు కోపానికి ఇంకో కారణం ఉంది. ఆమె తమ్ముడు సిద్దయ్య. తల్లి పోయాక చంకనేసుకుని పెంచిన పిల్లవాడు. రామన్నపేటలో సొంతంగా మగ్గం వేసుకున్నాడు. నిన్న వెళ్లి చూసింది. వాడు మగ్గం గుంటలో దిగి కూర్చుని, కాళ్లను చేతులతో ఎత్తి తొక్కుడు కర్రల మీద పెట్టుకుంటున్నాడు. చెయ్యి తీయగానే కాలు జారిపోతోంది. మళ్లీ ఎత్తి పెడుతున్నాడు. అక్కను చూసి నవ్వబోయాడు.

ఆ నవ్వు గుర్తొచ్చి ఆండాళు చెయ్యెత్తింది. అప్పుడే రోడ్డు మీద జీపు ఆగింది.

దిగినవాడు ఫుడ్ ఇన్‌స్పెక్టరు రామచంద్రం. వెంట ఒక హెడ్ కానిస్టేబులు, సీసాల పెట్టె మోస్తూ ఒక జవాను. పొద్దున దూపకుంటకు పోతే వాడలో మంచం పట్టినవాళ్లు తప్ప ఎవరూ కనబడలేదట. ఎక్కడికి పోయారో అక్కడి ముసలమ్మలు చెప్పారట. రామచంద్రం ఎవరినీ బతిమాలలేదు, బెదిరించలేదు. నేరుగా వచ్చి రోటి పక్కన నిలబడి, చేతులు కట్టుకున్నాడు.

"కొట్టండి. గానుగ పలగ్గొట్టండి, నూనె మన్నుల పొయ్యండి. రేపు కోర్టుల నేనేం సూపియ్యాలె? గీ మన్నా?"

గడ్డపారలు కొంచెం కిందికి దిగాయి.

గుర్వయ్య అప్పుడు తిరిగాడు. ఊరి నుంచి తెచ్చిన డబ్బా ఒకటి ఆడవాళ్లు అతని ముందు పెట్టారు. దాని మీది కాగితాన్ని అతను వేలితో తడిమి చూశాడు, పాము కుబుసాన్ని తడిమినట్టు.

"గీ డబ్బా నాది గాదు బిడ్డా. ఎవల గిన్నె వాళ్లు తెచ్చుకుంటరు, పోస్త. నాకు కాగితమెందుకు? సదువొచ్చినోళ్లు సదువుకుంట తింటరా నూనె?"

"పేరు నీది, పాపం గాలిదా తాతా?" అంది నర్సింగమ్మ. ఆమె మొగుడు పది రోజులుగా మంచం దిగలేదు.

గుర్వయ్య మళ్లీ ఎద్దు వైపు తిరిగి దాని మెడ మీద చెయ్యి వేశాడు. ముఖం చాటేయడమే నేరానికి రుజువనుకున్నారు అందరూ. ఆండాళు కూడా అనుకుంది.

రామచంద్రం తన పని మొదలుపెట్టాడు. గానుగలోని నూనె తీసి మూడు సీసాల్లో పోయించాడు. బిరడాలు బిగించి, లక్క కాచి, ముద్ర వేశాడు. ఒకటి హైదరాబాదులో పరీక్షకు, ఒకటి కోర్టుకు, ఒకటి అమ్మినవాడికి. గుర్వయ్య చేతిలో సీసా పెడితే, తన నూనె తనకే ఎందుకు ఇస్తున్నారో తెలియక ముసలాయన దాన్ని చంటిపిల్లలా పట్టుకున్నాడు.

ఆ తర్వాత ఇన్‌స్పెక్టరు అడిగాడు, ఈ కాగితమున్న డబ్బా ఎక్కడ కొన్నారని.

అందరి తలలూ ఆండాళు వైపు తిరిగాయి. దూపకుంటలో ఉన్నది ఒక్కటే దుకాణం. అది ఆండాళుది. గుడ్డ ఇచ్చి సరుకు తీసుకుపోయే సాలోళ్లకు ఇంకో చోట నూనె దొరకదు. లైసెన్సు ఎవరి పేరున ఉందని అడిగితే, నా పేరునే అంది ఆండాళు. ఆ మాట ఎప్పుడూ గర్వంగానే చెప్పేది. పెనిమిటి స్వయంగా రామన్నపేట తీసుకుపోయి, తన చేతే సంతకం పెట్టించి ఇప్పించాడు. వాడలో ఏ ఆడదానికి ఉంది అంత గౌరవం?

రామచంద్రం ఆమెను పక్కకు పిలిచి చెప్పిన మాటలకు ఆ గర్వం దిగిపోయింది. కల్తీ మీద చట్టం వచ్చి పదేళ్లు దాటింది. ఇన్నాళ్లూ దొరికేది చిల్లర దుకాణందారే. జుర్మానా కట్టి బయటపడేవాడు. వెనకున్నవాడు ఇంట్లో హాయిగా నిద్రపోయేవాడు. ఈ ఏడాది, అరవై ఐదులో, చట్టం మారింది. అమ్మినవాళ్లకు సరుకు ఎవరు ఇచ్చారో ఇన్‌స్పెక్టరు అడిగితే పేరూ ఊరూ చెప్పి తీరాలి. నేరం రుజువైతే జుర్మానాతో పోదు, ఆరు నెలలకు తగ్గని జైలు.

"సరుకు మా ఇంటాయన తెస్తడు సారు. నేను అమ్ముత, అంతే," అంది ఆండాళు.

అయితే రేపు ఇద్దరూ ఉండండి, పదిమంది ముందు వాంగ్మూలం రాసుకుంటానన్నాడు రామచంద్రం. అప్పటిదాకా గుర్వయ్యకు కానిస్టేబులు కాపలా. ఆ కాపలా గుర్వయ్య పారిపోకుండానా, గుర్వయ్యను చంపకుండానా అన్నది ఆయన చెప్పలేదు. ఆండాళును ఎక్కించుకుని జీపు నేరుగా దూపకుంటకు వెళ్లింది. దుకాణంలోని డబ్బాల నుంచి నమూనా తీసి, మిగిలినవాటికి అక్కడే ముద్రలు వేశారు. ఆమె పెనిమిటి రాజం ఇంట్లో లేడు. పని మీద నల్లగొండ పోయాడని అత్త భద్రమ్మ చెప్పింది.

జీపు వెళ్లిపోయాక ఆండాళు వంటింట్లోకి వచ్చింది. పొద్దుటి నుంచి కడుపులో ఏమీ పడలేదు. భద్రమ్మ పొయ్యి మీద మూకుడు పెట్టి కోడలిని నూనె అందుకోమంది. ఆండాళు మూలనున్న మట్టికుండలో గరిటె ముంచింది.

ముంచిన చెయ్యి అక్కడే ఆగిపోయింది.

దుకాణం నిండా డబ్బాలు. ఇంట్లో మాత్రం కుండ నూనె. ఎందుకు?

దసరాకు ముందు ఒకరోజు కుండలో నూనె అడుగంటితే, దుకాణంలోని డబ్బా తెరిచి గరిటె ముంచింది. రాజం ఎక్కడున్నాడో గాని పరుగున వచ్చి గరిటె లాక్కున్నాడు. అమ్మే సరుకు ఇంట్లో వాడితే దుకాణం నిలవదన్నాడు. పొదుపు తెలిసిన మనిషి అనుకుని సంతోషించింది ఆనాడు. మరునాడే కుండ నిండింది. ఆ కుండలో నూనె తిన్న ముగ్గురూ, తను, అత్త, రాజం, ఇవాళ్టికీ నిటారుగా నడుస్తున్నారు.

వాడలో ప్రతి ఇంటా ఎవరో ఒకరు పడిపోయారు. ఈ ఒక్క ఇల్లు మాత్రం నడుస్తోంది.

ఆ కుండ నూనె ఎక్కడిదని అడిగింది అత్తను. భద్రమ్మ మూకుడు వైపు చూస్తూ, నాకేం ఎరుక, వాడు తెస్తడు అంది. ఆండాళు గరిటె అక్కడే పడేసి పెరట్లోకి నడిచింది. పెరటి కొట్టానికి తాళం ఉంది. ఎన్నడూ అడగలేదు ఆ తాళం సంగతి. చిట్యాలకు మోసుకుపోయిన గడ్డపార గోడకు ఆనించి ఉంది. గానుగ మీద పడని దెబ్బ తాళం మీద పడింది. రెండో దెబ్బకు గొలుసు ఊడింది.

లోపల పెద్ద ఇనుప పీపా. దాని మీద గరాటు బోర్లించి ఉంది. పక్కన ఖాళీ డబ్బాలు, ఎండిపోయిన మైదా జిగురు, గుర్వయ్య పేరు అచ్చేసిన కాగితాల కట్ట. పీపా మూత తీస్తే పల్లీల వాసన రాలేదు. లారీల కింద పడుకుని మరమ్మతు చేసేవాళ్ల బట్టల నుంచి వచ్చే వాసన వచ్చింది. పీపా పొట్ట మీద ఒకచోట రంగు గీకేసి ఉంది. గీకినవాడు తొందరలో పూర్తిగా గీకలేదు. ఎర్రరంగుతో వేసిన పుర్రె బొమ్మలో సగం దవడ ఇంకా మిగిలి ఉంది.

ఇది తినేది కాదని పీపా మీద ఎవరో రాశారు. ఆ రాత గీకేశారు. ఇది మంచిదని డబ్బా మీద ఇంకెవరో రాశారు. దాన్ని అతికించారు.

"తాళమెందుకు పలగ్గొట్టినవే?"

వెనక రాజం. నల్లగొండ బస్సు దిగి వచ్చినట్టున్నాడు, అయినా భుజం మీద తువ్వాలు నలగలేదు. ఆండాళు పీపా వైపు చూపించింది. అతను తప్పించుకోవాలని చూడలేదు. నింపాదిగా గడప మీద కూర్చుని, బుద్ధి లేనిదానికి చెప్పినట్టు చెప్పాడు. పాకిస్తాను యుద్ధం పేరు చెప్పి బజారులో నూనె మాయమైంది. హైదరాబాదులో ఒక పాత ఇనుము సామాన్లవాడు మిషన్లకు పోసే నూనె అగ్గువకు ఇచ్చాడు. చూస్తే మంచినూనె లాగే ఉంది, రుచీ లేదు. పల్లినూనెలో కొంచెం కలిపితే ఎవరికి తెలుస్తుంది? గుర్వయ్యకు మంచి పేరుంది, ఆ పేరు మీద అయితే అడగకుండా కొంటారు.

"గింతంత కలిపితే ఏమైతదనుకున్న," అన్నాడు చివరికి.

"ఏం కాదనుకుంటే మనింట్ల ఎందుకు తిననియ్యలే?"

రాజం తువ్వాలు తీసి మెడ తుడుచుకున్నాడు.

ఆండాళుకు ఇంకో డబ్బా గుర్తొచ్చింది. దసరాకు తను పుట్టింటికి బయలుదేరినప్పుడు, తమ్ముడికి ఇస్తానని దుకాణంలోంచి ఒక డబ్బా తీసింది. రాజం చూశాడు. చూసి, తనే దాన్ని భుజాన వేసుకుని బస్సు దాకా వచ్చాడు. బస్సు పైకి ఎక్కించి, పడిపోకుండా తాడు కూడా కట్టాడు. ఆ నూనెతోనే సిద్దయ్యకు గారెలు కాల్చి, తను తినకుండా అన్నీ వాడికే పెట్టింది. అవ్వ పోయినంక గింత కమ్మగ తినలేదక్కా అన్నాడు వాడు తల్లిని తలుచుకుని.

"సిద్దయ్య కోసమని తీస్కపోతుంటే సూసినవ్ గద. ఒక్క మాట వద్దనకపోతివి."

"వద్దంటే నువ్వు ఎందుకని అడుగుతుంటివి," అన్నాడు రాజం.

అంతే. ఆ మాటలో పశ్చాత్తాపం లేదు, కోపం కూడా లేదు. లెక్క సరిపోయిందన్న ధీమా ఉంది.

రేపు ఏం చెప్పాలో కూడా అతనే చెప్పాడు. డబ్బా గుర్వయ్య దగ్గర కొన్నామని చెప్పాలి. కాగితం మీద పేరు ఉంది, జనం ఇప్పటికే నమ్మారు, ముసలోడికి ముందూ వెనకా ఎవరూ లేరు. ఇంకో మాట నోట్లోంచి వస్తే లైసెన్సు ఆమెది, అమ్మింది ఆమె చెయ్యి, జైలు ఆమెకే. తన పేరున ఆ దుకాణంలో తూకపు రాయి కూడా లేదు.

"గందుకే నీ పేరున తీసిన," అన్నాడు లేస్తూ.

మరునాడు తెల్లవారి ఆండాళు పెరట్లోకి వెళ్లేసరికి కొట్టం ఖాళీ. పీపా లేదు, డబ్బాలు లేవు, కాగితాలు లేవు. పీపా నిలబెట్టిన చోట పేడతో అలికి, ముగ్గు కూడా వేసి ఉంది. ముగ్గు ఎవరు వేశారో ఆమెకు తెలుసు. రాజానికి ముగ్గు వెయ్యడం రాదు.

జీపు వచ్చేసరికి సాలెవాడ మొత్తం దుకాణం ముందు చేరింది. కాళ్లు పడిపోయినవాళ్లను మంచాలతో సహా మోసుకొచ్చి వరసగా దించారు. కుర్చీ తెప్పించి ఇన్‌స్పెక్టరును కూర్చోబెట్టింది రాజమే. చల్ల తాగుతారా సారూ అని అడిగిందీ అతనే. కానిస్టేబులు గుర్వయ్యను జీపులోంచి దించగానే మంచాల మీదివాళ్లు కూడా మోచేతుల మీద లేచి తిట్టారు. ఎవరో ఉమ్మేశారు. ముసలాయన తుడుచుకోలేదు. నిన్నటి సీసా ఇంకా చేతిలోనే ఉంది.

రామచంద్రం కాగితం తీశాడు. ఈ సరుకు ఎవరి దగ్గర కొన్నారని అడిగాడు.

రాజం గుర్వయ్య దగ్గరని చెప్పాడు. లైసెన్సుదారును అడుగుతున్నాను, ఆమె చెప్పాలన్నాడు ఇన్‌స్పెక్టరు. రాజం చిరునవ్వుతో పక్కకు జరిగి పెళ్లానికి దారి ఇచ్చాడు.

"గుర్వయ్య తాత గీ నూనె ఇయ్యలే సారు," అంది ఆండాళు. "గీ కాగితాలు ఆయనయి గావు. నూనె తెచ్చింది, మిషన్ల నూనె కలిపింది, మా ఇంటాయన."

మంచాల మీదివాళ్లు తలలు తిప్పి రాజం వైపు చూశారు. మొదట తేరుకున్నది రాజమే. కోపం తెచ్చుకోకుండా నవ్వాడు. తమ్మునికి కాళ్లు పడిపోయినప్పటి నుంచి దీనికి మతి స్థిమితం లేదు సారూ, నిన్న గుర్వయ్య మీద రాళ్లేసింది, ఇయ్యాల నా మీద ఏస్తున్నది, రేపు మీ మీద ఏస్తది అన్నాడు. కొందరు నవ్వారు కూడా. నిన్న మొదటి రాయి ఎవరిదో అందరూ చూశారు. ఇల్లంతా వెతుక్కోండి సారూ అని కూడా అన్నాడు. జవాను పెరట్లోకి వెళ్లి వచ్చి, ముగ్గు తప్ప ఏమీ లేదన్నాడు.

రామచంద్రం కలం ఆడించాడు. నిన్న గుర్వయ్య సీసాకు ముద్ర వేసినంత నెమ్మదిగా మాట్లాడాడు.

"ఇంటాయన అని రాసుకుంటే నడవదమ్మా. రేపు కోర్టుల వకీలు నిలబడి, ఇంటాయన అంటే ఎవరని అడుగుతడు. డబ్బా మీద గుర్వయ్య పేరు అచ్చు గుద్ది ఉన్నది. దాని మీద నిలవాలంటే ఇంకో పేరు గావాలె. అమ్మినామె నోటితోనే రావాలె, గింతమంది ఇనంగ. లేకుంటే కాగితం మీదున్న పేరే నేను రాసుకపోవాల్సొస్తది."

ఆడవాళ్లంతా ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. పెనిమిటి పేరు ఏ ఆడది పలుకుతుంది? ఓట్లు రాసుకోవడానికి వచ్చినప్పుడు కూడా పక్కింటామె చెబితే రాసుకుపోయారు. పెళ్లినాడు గడప దగ్గర ఆడబిడ్డ నిలేసి అడిగితే, ఆ ఒక్కసారి, నోట్లోనే గొణిగి తలదించుకుని లోపలికి పోతారు. ఆ తర్వాత చచ్చేదాకా ఆ పేరు నోట రాదు. పలికితే మొగుడి ఆయుష్షు తరుగుతుంది. అది అందరికీ తెలుసు. ఎక్కువగా రాజానికి తెలుసు. అందుకే అతను కుర్చీ పట్టుకుని అంత తీరికగా నిలబడ్డాడు.

నర్సింగమ్మ ముందుకొచ్చి, ఆమె పెనిమిటి పేరు నేను చెప్తా రాసుకో సారూ అంది. వీల్లేదన్నాడు రామచంద్రం. నువ్వు అమ్మలేదు, నిన్ను అడగలేదు.

కానిస్టేబులు గుర్వయ్య భుజం మీద చెయ్యి వేశాడు.

ఆండాళు మంచాల వైపు చూసింది. దుప్పట్ల కింద పాదాలన్నీ ఒకే రకంగా కిందికి వాలి ఉన్నాయి. ఇదే సమయానికి రామన్నపేటలో తమ్ముడు తన కాళ్లను చేతులతో ఎత్తి కర్రల మీద పెట్టుకుంటూ ఉంటాడు. వాడి ఇంటికి పోయే డబ్బాను బస్సు మీద తాడుతో కట్టిన చేతులు ఇవిగో, కుర్చీ మీద ఆనుకుని ఉన్నాయి. గోళ్ల సందుల్లో ముగ్గుపిండి కూడా అంటలేదు. ఆ పని కూడా తల్లికే అప్పజెప్పాడు.

ఆమె ఒక అడుగు వేసింది. భద్రమ్మ పరుగున వచ్చి కోడలి నోటికి అరచెయ్యి అడ్డం పెట్టింది.

"వద్దు బిడ్డా. మగని పేరు తియ్యకు. నా కొడుకు ఆయుష్షు తగ్గుతది."

ఆండాళు ఆ చేతిని పట్టుకుని మెల్లగా కిందికి దించింది.

"తగ్గనియ్యి అత్తమ్మా."

రాజం కుర్చీ వదిలాడు. ఏమే అన్నాడు. ఇంకేదో కూడా అనబోయాడు. ఆమె అతని వైపు తిరగలేదు. ఇన్‌స్పెక్టరు కలం వైపే చూస్తూ, మంచాల వరసలో చివరివాడికి కూడా వినిపించేంత గట్టిగా చెప్పింది.

"రాసుకో సారు. రాజం. గీ భద్రమ్మ కొడుకు, నా మొగడు, రాజం."